ఒక్కో మోటరుకు ఒక్కో అబద్ధం

ఇరవై ఏండ్ల తర్వాత ఈ దేశానికి ఎంత కరెంటు కావాలె, అది ఎక్కణ్నించి వస్తది, ఏం ధర పలుకుతది అని లెక్కగట్టే మనిషిని కొన్నాళ్లు నా కారులో తిప్పిన. మీరు నమ్మరు. నా మాట నమ్మొద్దని సూర్యాపేట బస్టాండు కాడ ఎవరినడిగినా చెప్తరు. అయినా ఇది మాత్రం వినండి.

తెలంగాణ రావడానికి ఇంకా ఒకటి రెండేండ్లు ఉంది. నేను కిరాయి కారు నడుపుకుంటున్న రోజులు. హైదరాబాదు నుంచి ఒక సారు దిగిండు. సన్నటి మనిషి, మాట ఇంకా సన్నం. సంవత్సరాలను ఊర్ల పేర్లలాగ పలికేవాడు. "అన్నా, ముప్పై రెండుకు చేరేసరికి ఎండకాలం సాయంత్రాలే కష్టం" అనేవాడు. నాకేమో ముప్పై రెండు అంటే కోదాడ దాటినంక వచ్చే స్టేజీలాగ వినపడేది. దూరంగ తారు రోడ్డు మీద ఎండమావి మెరుస్తుంటే, ఆ ఊరు అక్కడే ఉన్నట్టు, దాంట్ల ప్రతి ఇంటి కప్పు మీద సోలారు నీలం పలకలు పడుకొని ఎండ తాగుతున్నట్టు అనిపించేది. స్టీరింగు చేతిలో ఉండంగనే కల పట్టేది నాకు.

కోదాడలో సోడా కొట్టాయన సారు చెప్పిందంతా విని, "ఇరవై ఏళ్ల సంగతి తర్వాత చూద్దాం గానీ బాబూ, ఈ వేసవికి కోత ఎన్ని గంటలో అది చెప్పండి" అన్నడు. సారు దగ్గర ఆ లెక్క లేదు. ఇంకో సోడా కొట్టమన్నడు.

మిర్యాలగూడలో రైసుమిల్లుల వెనక ఊక గుట్టలు చూపించిన. ఒకప్పుడు ఆ ఊకను తీసుకపొమ్మని మిల్లోళ్లే బతిమాలేది. ఇప్పుడు బాయిలర్లకు, ఇటుక బట్టీలకు తూకం వేసి అమ్ముతున్నరు. సారు ధర రాసుకుంటుంటే నా నోరు ఊకోలేదు. "సార్, ఆ పెద్ద గుట్ట మీదికి ఒకసారి మేక ఎక్కింది. దిగే తోవ దొరకలేదు. దిగేసరికి ఎనకాల రెండు పిల్లలు." సారు పెన్ను ఆపి, "పైన మేత ఎట్లా?" అన్నడు. అంత మంచి శ్రోత నా జన్మల దొరకలేదు.

అందుకనే మోతె దిక్కున్న మా ఊరికి ఆయన్ను తోలుకపోదామనుకున్న. ఉత్తగ కాదు. మా చిన్నమ్మ మడిల వరి పొట్ట మీదుంది, ఇగ కంకి తీయాలె. నీళ్లు సరిగ్గా కావాల్సిన టైముల మా దిక్కు ట్రాన్స్‌ఫార్మర్ ఆ యాసంగిల రెండుసార్లు కాలింది. కాలినప్పుడల్లా ట్రాక్టరు మీద సూర్యాపేటకు తీసుకపోవుడు, బాగై వచ్చేదాక ఆకాశం దిక్కు చూసుడు. ఇంకోసారి కాలితే చిన్నమ్మకు గింజ దక్కదు, తాలే మిగుల్తది. కరెంటు లెక్కల సారు గదా, ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఇప్పిస్తడేమో అని నా ఆశ.

మేము పోయేసరికి కరెంటుంది, కానీ పాణం లేని కరెంటు. మోటర్లు మూలుగుతున్నయ్. పదిమంది చేరిండ్రు. సారు అడిగిండు: "ఊర్లో ఎన్ని మోటర్లున్నాయండీ?"

"మోటర్లా?" అన్నడు గొర్ల మామ. మందకు మంద, మడికి మడి ఉన్న ఆసామి. "మాకేం మోటర్లు సారూ? వానదేవుడే దిక్కు."

ఆయన ఎనకాలనే ఆయన మోటరు మూలుగుతోంది. ఎవ్వరూ నవ్వలేదు. లెక్క చెప్తే రేపు మీటర్లు బిగిస్తరు, బిల్లులు వస్తయని అందరి భయం. ఇంకొకాయన, "చేదబావుల మీదనే బతుకుతున్నం" అన్నడు. సారు రాసుకోబోయిండు. మోటర్లు లేని ఊరికి ముప్పై రెండుల కూడా ఏమీ రాదని నాకు గుబులైంది.

"పాలకీడు అవతల ఒక ఊరు గిట్లనే చెప్పింది" అని అందుకున్న. "మోటర్లే లేని ఊరికి తీగలెందుకని లారీ తెచ్చి, దారం ఉండ చుట్టినట్టు తీగలన్నీ చుట్టుకపోయిండ్రు. కూసుందామంటే తీగ లేక కాకులు హుజూర్‌నగర్‌కు వలసపోయినయ్."

గొర్ల మామ గొంతు సవరించుకున్నడు. "నాకు మూడున్నయ్ రాసుకో సారూ." "నాకు నాలుగు." "నాకు రెండు, ఇంకా తవ్వని బావిల ఒకటి." ఇగ ఆగలేదు. సారు ల్యాప్‌టాప్‌ల కొట్టి కొట్టి, కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. "ఈ లెక్కన ఇరవై ఏండ్లకు మీ ఊరికి సూర్యాపేట అంత కరెంటు కావాలె, అన్నా."

చిన్నమ్మ అప్పటిదాక గట్టు మీద కూసోని ఉంది. కొంగు దులుపుకొని లేచింది. "బిడ్డా, ఇరవై ఏండ్లదాక నా వరి ఆగుతదా? ట్రాన్స్‌ఫార్మర్ ఇప్పిస్తవా, ఇప్పియ్యవా? గది చెప్పు."

"ఆ అధికారం నాకు లేదమ్మా" అన్నడు సారు. తలవంచుకున్నడు. ఇంతదూరం తెచ్చింది గీ మాట వినడానికా?

సారు మాత్రం అడిగిండు, "అందరూ ఆటోస్టార్టర్లు పెట్టారా?"

పెట్టినం. కరెంటు ఎప్పుడొస్తదో తెల్వదు, ఎవడు బావి కాడ కాపలా కూసుంటడు? వచ్చిందంటే ఊరి మోటర్లన్నీ ఒక్క క్షణాన లేస్తయ్. సారు పుల్ల తీసుకొని దుమ్ములో గుట్టలాగ ఒక గీత గీసిండు. "దేశం మొత్తానికి నేను గీసేది కూడా ఇదేనమ్మా. మోటరు లేచేటప్పుడు గుంజినంత, తిరిగేటప్పుడు గుంజదు. అన్నీ ఒక్కసారి లేస్తే ఇట్లా గుట్టయితది. ఒకటి తర్వాత ఒకటి లేపితే..." అని గుట్టను అరచేత్తో చదును చేసిండు.

"మడి అయితది" అంది చిన్నమ్మ.

"ఆటో తీసెయ్యాలె, వంతులు పెట్టుకోవాలె" అన్నడు సారు. గొర్ల మామ తల అడ్డంగ ఊపిండు. "నేను తీస్త. అవతలోడు తీస్తడా? నా మడి ఎండబెట్టి వాడు పారిచ్చుకుంటడు."

ఇంకో కత అల్లుదామని నోరు తెరిచిన. "నువ్వు ఊకో కొడుకా" అంది చిన్నమ్మ. తన స్టార్టరు డబ్బా కాడికి పోయి ఆటో వైరు పీకేసింది. "అందరికన్న ఎండింది నా మడి. ఆఖరు వంతు నాది. ఇప్పుడు చెప్పుండ్రి, ఎవడు తీయడో."

ఆఖరు వంతు అంటే ఏందో అందరికీ ఎరుకే. తన దాక వచ్చేలోపల కరెంటు పోతే ఆమె మడికి చుక్క రాదు. అందరి ముందల అట్ల అన్నంక గొర్ల మామకు వేరే తోవ దొరకలేదు. మూలిగే కరెంటు పోయినంక ఒక్కొక్కరే పోయి వైర్లు పీకిండ్రు.

సారూ నేనూ ఆ రాత్రి ఊర్లనే ఆగినం. మరునాడు పొద్దు నడినెత్తి దాటినంక కరెంటొచ్చింది. ఒక్క మోటరు లేవలేదు. అంత నిశ్శబ్దం మా పొలాలల్ల నేనెన్నడూ వినలేదు. తూనీగ రెక్క కొట్టుకునుడు కూడా వినపడ్డది. ఒక్కో మోటరుకు ఒక బీడీ కాలేంత ఎడం అని ఒప్పందం. బీడీ ఆరిపోంగనే గొర్ల మామ తర్వాతి బావి ఆయనకు మిస్‌డ్ కాల్ ఇచ్చుడు, అక్కడ మోటరు లేచుడు. నాలుగో బీడీకి మామ దగ్గుతూ కూలబడ్డడు. "నాతోని కాదురా అల్లుడా. నోరు పొక్కింది."

చిన్నమ్మ నా దిక్కు చూసింది. "ఇగ తెరువు నోరు. ఒక్కో మోటరుకు ఒక్కో అబద్ధం చెప్పు. మరీ పొట్టిది చెప్పకు."

చెప్పిన. తిరిగే ఫ్యాను మీద పిచ్చుక గూడుపెట్టి పిల్లలను లేపిన కత చెప్పిన. అంత వోల్టేజి ఉండేది మాకు. మిర్యాలగూడ మేకను మళ్లీ గుట్టెక్కించిన. కత అయిపోంగనే మిస్‌డ్ కాల్, దూరంగ ఇంకో మోటరు. ట్రాన్స్‌ఫార్మర్ గుంయ్‌మని పాడుతోంది. ఎండ పలచబడ్డది. మంద నీడలు పొడుగైనయ్. నా కతలు ఎటు పోతున్నయో నాకే తెల్వకుంటయింది. ఇగ ఇద్దరే మిగిలినప్పుడు ఆ గుంయ్‌మనేది బొంగురుపోయింది. మామ లేచి నిలబడ్డడు. సారు గోళ్లు కొరుకుతున్నడు. చిన్నమ్మకు ముందటి మోటరూ లేచింది. ట్రాన్స్‌ఫార్మర్ ఆగలేదు.

చిన్నమ్మ మోటరుకు చెప్పేందుకు నా దగ్గర కత ఒక్కటీ మిగల్లేదు. సారు నా చెవుల పోసినవే తీసి చెప్పిన. "ముప్పై రెండుల యాసంగి చిన్నమ్మా. కరెంటు గొర్ల మంద లెక్క పొద్దున్నే వస్తది. తోలేటోడుండడు. ఒక్కో బావి కాడ ఆగి, మూతితోని మోటరును ముట్టుకొని లేపుతది. ఇండ్ల మీది నీలం పలకలకెళ్లి దిగొస్తది, చప్పుడే ఉండదు. పొద్దుగూకంగ దానంతటదే ఇంటికి పోతది."

"గప్పటికి నేనుంటనా?"

"ఉంటవు. గిట్లనే ఆఖరు వంతు తీసుకొని గట్టు మీద కూసుంటవు."

"నీ అబద్ధాలల్ల కూడా నాకు ఆఖరు వంతేనారా?" అని నవ్వి పచ్చ బటన్ ఒత్తింది.

మోటరు ఒకసారి ముక్కింది. పైపు దగ్గింది, గాలి కక్కింది. మళ్లీ దగ్గింది. ఆ తర్వాత నీళ్లు దుంకినయ్. నెర్రెలు బారిన మడిల అవి ముందుకు పారలేదు, కిందికే దిగినయ్, సన్నగ గుటకలేస్తున్న చప్పుడుతోని. చిన్నమ్మ మడిల కాళ్లుపెట్టి నిలబడ్డది. గొర్ల మామ చేతుల ఫోను పట్టుకొని, ఇంకెవరికియ్యాల్నో తెల్వక, తర్వాతి బావి కోసం చుట్టూ చూస్తున్నడు.