గ్రౌండు గోడ మీద రాయబోయిన మాట

ఆయన ఆ మాట అనలేదు.

"క్రమశిక్షణ, పట్టుదల, నిరంతర కృషి, ఇవే నా విజయ రహస్యం" అని మా ఊరి బేస్‌బాల్ ఆటగాడు చెప్పినట్టుగా అచ్చువేశారు. పాత ఆటగాళ్ల కమిటీ తెచ్చిన సంచికలో, మొదటి పేజీలో, ఆయన ఫొటో కిందే వేశారు. అంతటితో ఆగలేదు. గ్రౌండుకు కొత్తగా కట్టిన గోడ మీద కూడా ఇదే మాటను మూరెడు అక్షరాలతో రాయించబోతున్నారు. ఏ కలెక్టరు ఫొటో కిందైనా, పరీక్షలో ఫస్టొచ్చిన ఏ పిల్ల ఫొటో కిందైనా సరిపోయే మాట అది. అందరికీ సరిపోయే చొక్కా ఆయనకెందుకు తొడగాలి?

ఆయన ఏమన్నాడో నాకు తెలుసు. ఆయన ఆడినన్నాళ్లూ స్కోరు రాసింది నేనే.

నేను బడిలో చదివింది మూడో తరగతి. ధర్మవరంలో గ్రౌండుకు ఎదురుగా సైకిల్ షాపు పెట్టుకుని, పంక్చర్లు వేస్తూ, పొట్లం కట్టి వచ్చిన ప్రతి కాగితమూ విప్పి చదివి ఇంతవాణ్ణయ్యాను. బడిలో ఆటలు నేర్పే సారొకాయన ఈ బేస్‌బాల్‌ను మా ఊరికి తెచ్చాడు. క్రికెట్టుకు పిచ్ తడపాలి. మాకు తాగడానికే నీళ్లు లేవు. దీనికైతే ఇసుక నింపిన మూడు గోనెసంచులు, ఒక చెక్క పలక చాలు. వచ్చే బంతిని రోకలి లాంటి గుండ్రటి బ్యాటుతో కొట్టి, సంచులన్నీ చుట్టి పలక దగ్గరికి రావాలి. బంతి గ్రౌండు దాటి పడిందంటే హోమ్ రన్, నిమ్మళంగా నడిచి రావచ్చు. "దినామూ ఈడనే ఉంటావు, నువ్వే రాయప్పా" అని సారు స్కోరు పుస్తకం నా చేతిలో పెట్టాడు. నేను పరుగులతో పాటు ఎవరేమన్నారో కూడా వెనక పేజీల్లో రాసుకునేవాణ్ణి. రాయమని ఎవరూ చెప్పలేదు. పరుగులు ఎవరైనా రాస్తారు, మాటలు గాలికి పోతాయి కదా అనిపించింది.

మగ్గాలవాళ్లు అమావాస్య నాడు పని ముట్టరు. అందుకే మా మ్యాచులన్నీ అమావాస్య పగలే. ఇప్పుడు ఆయన అంటున్నాను గానీ, అప్పుడు "రేయ్" అనే పిలిచేవాణ్ణి. గుంట మగ్గం మీద చీరలు నేసే ఇంటి పిల్లవాడు. బక్కగా, పొడుగ్గా ఉండేవాడు. వాడు బ్యాటు పట్టుకుని వస్తున్నాడంటే పక్కనున్న టీ అంగడి భాయి కేకేసేవాడు: "అరే, గ్లాసులు లోపల పెట్టండ్రా! వచ్చినాడు దొర!"

చిలమత్తూరు నుంచి వచ్చి బంతి విసిరినవాడు మ్యాచ్ అయ్యాక నా పక్కన కూలబడి అన్న మాట ఇది: "యాడ పడిందో చూసేకి నేను తిరగనే లేదన్నా. ఆ చేను ఆయప్ప మొగం చూస్తే తెలిసిపాయె."

చేను ఆయప్ప అంటే చేనుగల ఆయన, గ్రౌండు వెనక శెనక్కాయలు పెట్టే రైతు. బంతి చేలో పడ్డప్పుడల్లా కట్టె పట్టుకుని అరుస్తూ వచ్చేవాడు. ఒక ఏడు వాన ముఖం చూపకుండా పోయింది, చేనంతా ఎండింది. ఆ ఏడు ఆయనే బంతి వెతికి, పంచెతో తుడిచి తెచ్చిచ్చాడు. "కొట్టనీప్పా. ఈ సారి నా చేన్లో పైనుంచి పడింది ఇదొక్కటే" అన్నాడు. మేమెవరమూ నవ్వలేదు.

ఇక మావాడి మాటలు. ఈ ఆటలో మూడుసార్లు బంతి తప్పితే ఔటు. ఒక మ్యాచులో మూడుసార్లూ బ్యాటు గాలిలోనే ఊపి ఔటై వచ్చాడు. "ఏమిరా?" అన్నాను. "నేను బాగనే కొట్టినా అన్నా. బంతే ఆడికి రాలే" అన్నాడు.

అన్నిటికంటే పెద్ద మాట కణేకల్ జట్టు వచ్చిన రోజుది. ఆ జట్టుతో వచ్చిన పెద్దమనిషి వాడి జబ్బ పట్టి చూశాడు. "ఏం తింటావురా? ఈ పుల్లల్లో యాడిదిరా ఇంత బలం?" అన్నాడు. "చేతులు ఊరికే పట్టుకునేకి సామీ. కొట్టేది కాళ్లు" అన్నాడు వీడు. ఆ తర్వాత నేను గమనించాను. బ్యాటు కదలకముందే వాడి వెనక కాలు నేలను తొక్కేది. గుంటలో కూర్చుని పొద్దంతా మగ్గం తొక్కిన కాలు మరి. ఆ మాట కింద రెండు గీతలు గీశాను.

గోడ మీద ఈ మాటే రాయించమని కమిటీ కార్యదర్శికి మూడు ఉత్తరాలు రాశాను, జవాబు లేదు. ఒకప్పుడు మా జట్టులోనే ఆడినవాడు, ఇప్పుడు పట్టుచీరల అంగడి నడుపుతున్నాడు. అంగడికే పోయాను.

"కూచో అన్నా, టీ చెప్పనా?"

"టీకి రాలేదు. ఆ మాట ఎవరు రాసినారు?"

"నేనే. ఆయప్పను అడిగితే మీకు తోచింది రాసుకోండి అన్నాడు."

"తోచింది రాసుకుని ఆయప్ప నోట్లో పెడతారా?"

"మరి కాళ్లు, చేతులు అని రాస్తే పిల్లోళ్లు నవ్వరా? స్ఫూర్తి ఉండాల కదన్నా."

"నవ్వనీ. నవ్వితే గుర్తుంటాది."

ఆయన చీర మడత పెట్టడం ఆపాడు. "సరే. అది నా మాటే అని ఆయప్పతో ఒక కాగితం రాయించుకుని రా, మార్పిస్తా. పెయింటరు శుక్రవారం వస్తాండాడు. ఆ పైన నన్ను అనొద్దు."

ఆటగాడు ఇప్పుడు కుందుర్పిలో కూతురింట్లో ఉంటున్నాడు. ఫోనులో ఆయనకు సరిగా వినపడదు. అందుకని పాత పుస్తకంలోని ఆ మాటలు కాగితం మీద ఎత్తిరాసి, కింద "ఇది నా మాటే అని రెండు ముక్కలు రాసి సంతకం పెట్టు, మిగతాది నేను చూసుకుంటా" అని చేర్చి, అటు పోయే బస్సు కండక్టరుకు ఇచ్చాను. గురువారం మధ్యాహ్నం అదే కండక్టరు షాపు ముందు బస్సు ఆపించి కవరు అందించాడు. నా కాగితం వెనకే ఆటగాడు రాసి పంపాడు:

"అన్నా, నీ జాబు చేరింది. రెండు సార్లు చదువుకుని నవ్వినా. సంతకం మాత్రం పెట్టలేను, కోపం చేసుకోవద్దు. సంచికలో ఉండేది నా మాట గాదు, నిజమే. నువ్వు రాసుకునిందీ నా మాట గాదు. అది మా నాయనది. నన్ను కొత్తగా మగ్గంలో కూచోబెట్టినప్పుడు చేతులు నొస్తాండాయని ఏడిస్తే, చేతులు ఊరికే పట్టుకునేకిరా, పని చేసేది కాళ్లు అని చెప్పినాడు. ఆ పొద్దు కణేకల్ ఆయన అడిగితే నోటికి అదే వచ్చె. మా నాయన నా ఆట ఒక్కసారి గూడా చూడలేదు. రాసేదుంటే ఆయన పేరు పెట్టి రాయమను. నా పేరుతో అయితే ఏదీ వద్దు."