చేతిమైకు దించమన్న వాచీలాయన

ముదిగుబ్బ బస్టాండులో వాచీలు బాగుచేసే పెద్దాయన మంగళవారం పొద్దున పోయాడు. శవం చుట్టూ నిలబడి మీరంతా "ధర్మాత్ముడు" అన్నారు. మూడేళ్లుగా ఆయన బల్ల వైపు తొంగి చూడని మనుషులే మీరంతా. మిమ్మల్ని అటు పోనీయకుండా చేసిన నోరు నాది. అందుకే ముందు నన్ను నేనే తిట్టుకుంటాను.

నేను బడి చదువు లేనివాణ్ణి. సంచిలో గ్రంథం, చేతిలో బాకా మైకు పట్టుకొని పల్లెపల్లెకూ నడిచి వాక్యం చెప్పేవాణ్ణి. అడ్డదారుల్లో పనికొస్తుందని, దిక్సూచి ఉన్న వాచీ ఒకటి తెప్పించమని ఆయన్నే అడిగాను.

"మెరిసేది వద్దప్పా. నూనెలో ముల్లు తేలేది తెప్పిస్తా. లోపల గాలిబుడగ కనపడితే ముల్లు సరిగ్గా తిరగదు. చెమట పట్టినప్పుడల్లా తుడువు. అయస్కాంతం కాడికి మాత్రం తీసుకుపోవద్దు."

"నాకు దిక్కు చూపేది దేవుడే అన్నా. ఇది ఉత్త తోడు."

"అట్లయితే దుడ్లెందుకు దండగ? ఆయన్నే కట్టుకో మణికట్టుకు."

ఆ ఎండాకాలం ఇరవై మందిని సభకు అడ్డదారిన నడిపించాను. సూర్యుడు నడినెత్తికి వచ్చాక ముల్లునే నమ్మాను. దారి తప్పాం. నీళ్లు అయిపోయి ఒక ముసలమ్మ పడిపోయింది. గొర్రెలకాపరులు కనబడబట్టి బతికింది.

మరునాడు ఆయన బల్ల ముందు నిలబడి, దొంగ వాచీ అంటగట్టాడంటూ గ్రంథంలో శాపాలున్న పేజీ తీసి, మైకులో చదివాను. ఆయన తలెత్తి ఒకటే మాట అన్నాడు.

"ఆ మైకు ఆడ పెట్టి రాప్పా, మాట్లాడదాం."

నా నోరు మూయించాలని చూస్తున్నాడనుకొని ఇంకా గట్టిగా అరిచాను. నేను చెప్పింది నిజమేనా అని మీలో ఒక్కరూ అడగలేదు. బల్ల దగ్గరికి పోవడం మానేశారు, అంతే.

పోయిన నెల మైకు పాడైతే అనంతపురంలో విప్పించాను. లోపలి అయస్కాంతానికి స్క్రూడ్రైవరు అంటుకుంది. చెయ్యి చాపాను, నా వాచీలో ముల్లు గిర్రున తిరిగింది. దారి తప్పిన రోజంతా వాచీ కట్టిన చేత్తోనే మైకు మోశాను. పశ్చాత్తాపం గురించి మీకు గంటలకొద్దీ చెప్పే నేను, రెండుసార్లు ముదిగుబ్బలో బస్సు దిగి, ఆయన్ను దూరం నుంచే చూసి, మళ్లీ బస్సెక్కాను.

మంగళవారం ఆయన భార్య నన్ను చూసి, "ఈడికీ తెచ్చినావా దాన్ని?" అంది.

మైకు వీధిలో దించి లోపలికి పోయాను. ఆయన్ను దక్షిణానికి తల పెట్టి పడుకోబెట్టారు. పక్కన కూర్చుని వాచీ చెయ్యి నేల మీద ఆనించాను. ముల్లు వణికింది, తిరిగింది, ఆయన పాదాల వైపు చూపి ఆగిపోయింది.