ఎవరూ కాదనలేదని రాశాను

నలభై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పేరు చెప్పుకునే ధైర్యం ఇప్పటికీ లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త. మార్కాపురం తాలూకా అప్పటికి కర్నూలు జిల్లాలోనే ఉండేది. తర్లుపాడు దగ్గరి మా ఊళ్లో ఎస్సెల్సీ పాసైనవాణ్ణి నేనొక్కణ్ణే. పంచాయతీ కాగితాలన్నీ నేనే రాసేవాణ్ణి. వాగుకు అడ్డంగా కట్ట వేసి నీళ్లు నిలపాలని ఊరు అనుకుంది. చోటు నేను చూపించాను. పై అధికారి సరే అన్నాడు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మీటింగులో గురవయ్య మామ లేచాడు. గొర్రెలు మేపుకుని బతికే మనిషి. వరసకేమీ కాడు, ఊరందరికీ మామే. అక్కడ వాగు ఒక్కసారిగా విరుచుకుపడుతుందని, కట్ట నిలవదని, ఇంకాస్త పైన రాతినేల మీద వేస్తే మేలని నెమ్మదిగా చెప్పాడు.

ఆయన చెప్పింది నిజమని నాకు తెలుసు. ముందురోజే నేనొక్కణ్ణే వెళ్లి చూశాను. తుమ్మకొమ్మల్లో నా నడుమెత్తున ఎండిన చెత్త చిక్కుకుని ఉంది. పాత వరద అంత ఎత్తున పోయిందన్నమాట. చూసి కూడా ఎవరికీ చెప్పలేదు. చోటు తప్పని ఒప్పుకుంటే నా చదువు పరువు ఏమవుతుంది? అంత చిన్న భయం. ఆయన మాటను వదిలేసి మనిషిని ఎత్తిపొడిచాను.

“గొర్రెల ఎనక తిరిగేటోడివి, నీకు కట్టల సంగతి ఏంది మామా? పొయ్యి మందను చూసుకోపో.”

అందరూ నవ్వారు. ఆయన నవ్వు ఆగేదాకా నిలబడి, అప్పుడన్నాడు.

“నా మాట తప్పయితే తప్పని చెప్పు నాయనా, ఇంటాను. నా గొర్రెలేం జేసినాయి నిన్ను?”

ఆయన వెళ్లిపోయాక మినిట్స్ పుస్తకంలో ‘ఎవరూ అభ్యంతరం చెప్పలేదు’ అని రాశాను.

కట్ట నేను చూపిన చోటే వేశారు. రెండో ఏడు అది తెగింది. పట్టపగలు. ఊళ్లో చినుకు లేదు, పైన కొండల్లో కురిసింది. ఆ రోజు గురవయ్య మామకు జ్వరమని మంద వెంట ఆయన భార్య సుబ్బమ్మత్త వెళ్లింది. సగం గొర్రెలు పోయాయి. ఆమె శవం రెండు మైళ్ల దిగువన ఇసుకలో దొరికింది.

విచారణకు వచ్చిన అధికారి, అప్పుడెవరైనా వద్దన్నారా అని అడిగాడు. నేను పుస్తకం తెరిచి పైకి చదివాను. ఆ రోజు నవ్విన వాళ్లంతా నేల చూశారు. వెనక కూర్చున్న గురవయ్య మామ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, లేచి వెళ్లిపోయాడు. ఎందుకు ఊరుకున్నాడు? చెప్పినా వినరనుకున్నాడా? ఆ అనుకోవడం ఆయనకు నేర్పింది నేనే కదా?

మిగిలిన గొర్రెలు అమ్మేసి కొమరోలు దగ్గర కూతురింటికి చేరాడు. కొన్నేళ్లకు నిజం చెబుదామనే వెళ్లాను. మంచం వాల్చి మజ్జిగ ఇప్పించాడు. వానల గురించి మాట్లాడి బస్సెక్కి వచ్చేశాను. ఆ మరుసటేడు పోయాడని తెలిసింది.

ఆ తర్వాత మీటింగుల్లో ఎవరు కాదన్నా చివరిదాకా విన్నాను. వాళ్ల మాటను వాళ్ల ఎదుటే తిరిగి చెప్పి, సరిగ్గా అర్థమైందా అని అడిగి, అప్పుడే నా జవాబు చెప్పాను. ఎంత కోపమొచ్చినా మాటను దాటి మనిషి జోలికి పోలేదు. నా ఓర్పును ఊరంతా మెచ్చుకుంటుంది. మెచ్చుకున్న ప్రతిసారీ చచ్చేంత సిగ్గు. ఆ ఓర్పు నేర్చుకోవడానికి ఒక మనిషి ప్రాణం పోవలసి వచ్చిందని వాళ్లకు తెలియదు.

క్షమించమని అడగడానికి ఆ ఇద్దరూ లేరు. మీరూ క్షమించనక్కర్లేదు. ఒక మనిషి లేచి వద్దన్నాడు. ఆయన పేరు గురవయ్య. ఆయన మాట నిజమని నాకు ఆ రోజే తెలుసు. ఇన్నేళ్లకు ఇంత మాత్రం రాయగలిగాను.