పెద్ద ఏనుగును బయట కట్టేసిన రోజు

కోరుట్లలో మా వాడకట్టు వాళ్ళు చాలామంది నేను పనిచేసే జూ చూడనే లేదు. అయినా అక్కడి చిన్న ఏనుగు సంగతి అందరికీ తెలుసు. "పిల్లను సంపుకున్న ఏనుగు" అంటారు దాన్ని. ఆ మాట పుట్టించింది నేనే. సెలవు మీద వచ్చినప్పుడల్లా చాయ్ హోటల్లో చెప్పాను, పెళ్ళి విందుల్లో చెప్పాను. జరిగింది అంతే కాదు. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మా దగ్గర రెండు ఆడ ఏనుగులుండేవి. పెద్దది అడవి క్యాంపు నుంచి వచ్చింది, అక్కడ పిల్లల్ని కని పెంచింది. చిన్నది పాలు మరవకముందే తల్లిని వదిలి వచ్చింది, మరో ఏనుగు ఈనడం ఎన్నడూ చూడలేదు. మగ ఏనుగును వేరే ఆవరణలో ఉంచి, జత కోసం మాత్రం కలిపేవాళ్ళం. ఈ రెండూ ఎప్పుడూ ఒక్కచోటే. నీళ్ళ తొట్టి దగ్గరికైనా పెద్దది ముందు నడిస్తేనే చిన్నది కదిలేది.

చిన్నది మొదటిసారి చూలు కట్టినప్పుడు జూ డాక్టరు మాకు ఒకటే చెప్పాడు: "షెడ్డుకూ దొడ్డికీ మధ్య గేటు మూయకండి. ఆ పెద్దదే దానికి మంత్రసాని."

నొప్పులు మొదలైన రోజు డాక్టరు ఊళ్ళో లేడు. కాపలా నాది. పెద్దది చిన్నదాని వెనక చేరి, తొండంతో తడుముతూ, ఒకటే అరుపులు. ఆ గాబరాలో డాక్టరు మాట మరిచాను. మా ఇంట్లో బర్రె ఈనేటప్పుడు నాయనమ్మ మిగతా గొడ్లన్నిటినీ అవతలికి తోలేది. చుట్టూ గోనెపట్టాలు కట్టేది. పరాయి కన్ను పడితే బర్రె పాలు చేపదనేది. నాకు తెలిసిన పద్ధతి అదే. పెద్దదాన్ని బయటి దొడ్డిలోకి తోలి గొలుసు వేశాను. గేటు మూసి, ఊచల మీద టార్పాలిన్ కప్పాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

పిల్ల కింద పడింది. కాళ్ళ దగ్గర ఏదో కదులుతుంటే చిన్నది బెదిరిపోయింది. కాలితో నెట్టింది, తొండంతో విసిరింది. లోపలికి పోయే ధైర్యం నాకు లేదు. బయట పెద్దది గొలుసు తెంపుకోవాలని గుంజుతూనే ఉంది. మిగతావాళ్ళు పరుగెత్తుకొచ్చేసరికి అంతా అయిపోయింది.

డాక్టరు వచ్చి అడిగితే, "చిన్నదే పెద్దదాని మీదికి పోయింది సార్, గందుకే ఇడదీసిన" అన్నాను.

ఆ ఒక్క మాటతో రెండింటినీ విడివిడి ఆవరణల్లో పెట్టారు. మధ్యలో గోడ. పెద్దది ఆ గోడ దగ్గర చెవులు విప్పి నిలబడేది. రోజూ రెండింటికీ గడ్డి వేసింది నేనే.

కొన్నేళ్ళకు చిన్నది మళ్ళీ చూలు కట్టింది. ఈసారి దాని నాలుగు కాళ్ళకూ గొలుసులు వేసి, పిల్ల పడగానే లాగేసి, సీసా పాలతో పెంచాలని అనుకున్నారు. దాన్ని ఎవరూ నమ్మలేదు. రోజులు దగ్గరపడ్డాయి. నోరు విప్పాలని పొద్దున అనుకునేవాణ్ణి, సాయంత్రానికి మానుకునేవాణ్ణి.

అప్పుడే మా కూతురికి మొదటి కాన్పు వచ్చింది. జగిత్యాల ఆసుపత్రిలో మగపిల్లవాడు పుట్టాడు. నా భార్య పథ్యం వండి తేవడానికి కోరుట్ల పోయింది. సిరిసిల్ల నుంచి మా అక్క వచ్చింది. నేను ఫ్లాస్కు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను. లోపల మా బిడ్డ పిల్లవాణ్ణి ముట్టుకోకుండా మంచం చివరకు ముడుచుకుని ఏడుస్తోంది.

"నాతోని కాదు అత్తమ్మా. ఎట్ల వట్టుకోవాల్నో తెలుస్తలేదు. కింద వడేస్తనేమో!"

"వడేస్తవా? నేనేడికి వోయిన? జరుగు బిడ్డా." అక్క చెప్పులు విడిచి మంచమెక్కి కూర్చుంది. "మీ బాపు పుట్టినప్పుడు మీ నాయనమ్మ సుత గిట్లనే ఏడ్సిందట. గిసొంటి మొఖం జూస్తె ఎవరికైన ఏడుపే వస్తది."

బిడ్డ ఏడుస్తూనే నవ్వింది. అక్క పిల్లవాణ్ణి ఒళ్ళోకి చేర్చింది. కాసేపటికి వాడు గుటకలు వేయడం నాకు తలుపు దాకా వినిపించింది.

అక్క నా వైపు చూసింది. "ఏనుగులకు పురుడు వోసెటోనివి, గీడ గజగజ వణుకుతున్నవేంది తమ్మీ?"

నేను వరండాలోకి వచ్చి డాక్టరుకు ఫోన్ చేశాను. "సార్, చిన్నది పెద్దదాని మీదికి పోలే. పెద్దదాన్ని నేనే బయట కట్టేసిన. గేటు నేనే మూసిన."

డాక్టరు మరొకసారి చెప్పమన్నాడు. చెప్పాను.

"ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదయ్యా?"

"నౌకరి పోతదని సార్."

"నీ సంగతి తర్వాత చూద్దాం. ముందు రా. అవి రెండూ మాట వినేది నీదే."

అక్కకు అంతా చెప్పాను. ఎంత తిట్టాలో అంత తిట్టింది. "గంత పెద్ద జీవి మీద నింద ఏసి, దాని ముంగట్నే నౌకరి చేసినవా! సిగ్గు లేకపాయె!" తర్వాత తనే బస్సుకు తోలింది.

రెండింటినీ పాత షెడ్డుకే తెచ్చి, కొన్నాళ్ళు ఊచల అవతలొకటి ఇవతలొకటి పెట్టి మేత వేశాం. తర్వాత గేటు తీశాను. పెద్దది లోపలికి వచ్చింది. చిన్నది గిర్రున తిరిగి, వెనక్కి నడుస్తూ పోయి, తన పిరుదులు దానికి ఆనించి నిలబడింది. చిన్నప్పుడు కూడా అట్లాగే నిలబడేది. సంతోషం పట్టలేక రెండూ అక్కడికక్కడే ఉచ్చపోశాయి, తొండాలు ఒకదాని నోట్లో ఒకటి పెట్టుకున్నాయి. "వీటికా పడదన్నావు?" అన్నాడు డాక్టరు. కాన్పు కాగానే నన్ను జింకల వైపు మారుస్తామని చెప్పారు. సరేనన్నాను.

తెల్లవారుతుండగా పిల్ల పడింది. చిన్నది బెదిరి ఒక అడుగు వెనక్కి వేసి, కాలు ఎత్తింది. పెద్దది తన ఒంటిని అడ్డం పెట్టింది. తొండంతో పిల్ల మీది మాయపొర లాగేసి, మెల్లగా దాన్ని నిలబెట్టింది. చిన్నది అవతలి నుంచి తొండం చాపి వాసన చూసింది, మళ్ళీ చూసింది. ఎత్తిన కాలు నేలమీద పెట్టింది. ఏనుగుకు పొదుగు ముందు కాళ్ళ మధ్య ఉంటుంది. పిల్ల తెలియక వెనక కాళ్ళ దగ్గర వెతికింది, పెద్దదాని కింద కూడా వెతికింది. పెద్దది పక్కకు జరిగింది. ఎండ షెడ్డులోకి వచ్చేసరికి పిల్ల తల్లి దగ్గర పాలు తాగుతోంది. ఎన్నేళ్ళ బరువో దిగిపోయింది.

అక్కకు ఫోన్ చేశాను.

"తాగిందా?"

"తాగిందక్కా."

"మరి పెద్దదానికి బెల్లం వెట్టినవా?"

"లేదు."

"బాలింతను అందరు జూస్తరు. పక్కన నిలవడ్డదాన్ని ఎవ్వడు అడుగడు. పో, వెట్టుపో."

డాక్టరు నవ్వి, చిన్న ముద్ద చాలన్నాడు. నేను ఊచల దగ్గర చెయ్యి చాపాను. పెద్దది నా వైపు తల కూడా తిప్పలేదు. పిల్ల మీది నుంచి చూపు తీయకుండా తొండం మాత్రం వెనక్కి చాపి, బెల్లం తీసుకుంది.