తీగకు గుచ్చిన కార్డు

కాదు, ముందు నన్ను అన్నది ఆయనే. ఈ మాట ఎన్నిసార్లు చెప్పుకున్నానో. బస్సులో, ఆఫీసు లిఫ్టులో, స్నానం చేస్తూ. ముందు ఆయనే అన్నాడు, అందరి ముందూ అన్నాడు, నేను ఊరుకోవాల్సిన పనేముంది? ఆరేళ్లుగా ఇదే వాదన. ఎదురుగా మనిషి ఉండడు. ఆయన తరఫున నేనే మాట్లాడతాను, జవాబు నేనే ఇస్తాను, గెలిచేదీ నేనే. గెలిచిన ప్రతిసారీ గుండె మీద బరువు ఇంకొంచెం పెరుగుతుంది. ఇవాళ మీకు చెప్పేస్తాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

నా ఫోన్లో ఒక వీడియో ఉంది. నిమిషం కూడా ఉండదు. ఈ ఆరేళ్లలో మూడు ఫోన్లు మార్చాను. అక్క పెళ్లి ఫొటోలు పోయాయి, స్నేహితుల నంబర్లు పోయాయి. ఇది మాత్రం ప్రతి కొత్త ఫోన్లోకీ నాతో పాటు వచ్చింది. చూడను. తీసేయను. ఎవరికీ చూపించలేదు.

నేను పుట్టి పెరిగింది బెంగళూరులో. కాలేజీలో ఉండగా తపాలా ముద్రల పిచ్చి పట్టింది. స్టాంపులు కాదు, స్టాంపు మీద పోస్టాఫీసు వాళ్లు కొట్టే ముద్ర. ఏ ఊరిది, ఏ కాలానిది, ఎలాంటి ఆకారం, అదీ మా గోల. ఇలాంటి పిచ్చి ఉన్నవాళ్ల కోసం పుస్తకాలు ఉంటాయి. ఫలానా ప్రాంతంలో ఏ పోస్టాఫీసు ఎప్పుడు తెరిచారు, ఏ ముద్ర ఎప్పటినుంచి ఎప్పటిదాకా వాడారు, అన్నీ బొమ్మలతో సహా. పుస్తకంలో ఉంటే ఆ ఆఫీసు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. మాలో ఇంకో కోర్టు లేదు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టుపక్కల ఆఫీసుల మీద, యాభైలు అరవైల కాలానికి, అలాంటి పుస్తకం ఒకటి తయారవుతోంది. పెనుకొండ భాగం నాకు అప్పజెప్పారు. అప్పజెప్పింది సంపాదకుడు, మేమంతా సార్ అంటాం. చురుకైన పిల్ల అని నమ్మారు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. పుస్తకం మీద నా పేరు పడుతుంది. నేల మీద నిలవలేకపోయాను.

నారాయణప్ప గారు మా గుంపులోనే ఒకరు. హిందూపురంలో పని చేసి రిటైరైన బడిపంతులు. ఆయన దగ్గర ముద్రలేమీ పెద్దగా లేవు. ఆయన కోరిక ఒక్కటే. పెనుకొండ దగ్గర వాళ్ల సొంతూరు జాలిమాకులపల్లి. అక్కడ యాభైల చివర్లోనే పోస్టాఫీసు ఉండేదని, వాళ్ల నాయన ఇంటి అరుగు మీదే దాన్ని నడిపాడని ఆయన మాట. అరవై దాటాక అది ఊళ్లో ఒక పెద్దరైతు ఇంటికి మారింది. పోస్టాఫీసు తెచ్చింది వాళ్లేనని ఊరంతా అనుకుంటుంది. వాళ్ల నాయన పేరు ఎక్కడా, ఏ కాగితం మీదా లేదు. ఈ పుస్తకంలోనన్నా పడాలని ఆయన ఆశ.

నా దగ్గర పాత పోస్టాఫీసుల జాబితాల స్కాన్లు ఉన్నాయి. వాటిలో ఆ ఊరు అరవై దాటాకే కనిపిస్తుంది. అంతే, నాకు తేలిపోయింది. హిందూపురంలో సార్ ఇంటి మేడ మీద పదిమందిమి కూర్చున్నప్పుడు ఫోన్ తీసి నారాయణప్ప గారి మొహం ముందు పెట్టాను.

"లిస్టులో లేదు సార్. మీరే చూడండి."

ఆయన ఫోన్ వైపు చూడలేదు. "మొదట నడుస్తాదో లేదో చూసేదానికి పెడతారు పాపా. రెండు మూడేండ్లు చూసినాక గాని లిస్టులోకి ఎక్కియ్యరు."

"రుజువు కావాలి కదా. మీ నాయన చెప్పాడని అచ్చు వేస్తామా?"

"రుజువా? మా నాయన సీలు కొడతాంటే మసంతా నా చొక్కాకి అంటుకొనుండాది. ఆ చొక్కా తెమ్మంటావా?"

అందరూ నవ్వారు. "చొక్కా మీద తేదీ ఉందా సార్?" అన్నాను. నవ్వులు నా వైపు తిరిగాయి. ఆయన మొహం చిన్నబోయింది. అది చూసి నాకు సంతోషమే వేసింది, ఎందుకు దాచాలి?

అప్పుడన్నాడు. "నీకు ఊర్లన్నీ ఫోన్లో కనపడతాయిలేమ్మా. అది ఆరిపోతే మీ అవ్వది యా ఊరో గూడా చెప్పలేవు నువ్వు."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. ఒకాయన తొడ చరిచాడు. సార్ కూడా మీసాల్లో నవ్వారు. అసలు మంట ఏమిటంటే అది నిజం. మా అవ్వ పుట్టిన ఊరి పేరు నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

మూడు వారాల తర్వాత ధర్మవరం వెళ్లాను. ఒకప్పుడు పట్టు చీరలు నేసి అమ్మిన ఇల్లు. పాత ఉత్తరాలు ఉన్నాయని ఎవరో చెప్పారు. ఇంట్లో ఒక అవ్వ, ముందు గదిలో ఒక మగ్గం. గోడకి మేకు, మేకుకి ఒక ఇనుప తీగ, తీగకి కింది నుంచి పైదాకా గుచ్చిన కార్డులు. వాళ్ల మామ పనంట అది. కార్డు వచ్చిన రోజే చదివి, జవాబు రాసి, తీగకు గుచ్చేవాడట.

"వరస మార్చాకు పాపా. మా మామ ఉన్నప్పుడు గూడా దాన్ని ఎవురూ ముట్టేది లేదు," అని అవ్వ టీ పెట్టడానికి లోపలికి పోయింది.

ఏదైనా ముట్టుకునే ముందు వీడియో తీయడం నాకు అలవాటు. ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, ఇంకో చేత్తో కార్డులు తీగ మీదే ఒక్కొక్కటిగా పైకి జరుపుతూ పోయాను. మధ్యలో ఆగిపోయాను. జాలిమాకులపల్లి సీలు. నల్లగా, కొంచెం ఒరిగి, అక్షరాలు స్పష్టంగా.

ఇక్కడ ఒకటి చెప్పాలి. చిన్న ఊరి ఆఫీసుకి ఇచ్చే ఆ సీలు మీద ఊరి పేరే ఉంటుంది, తేదీ ఉండదు. తేదీ ముద్ర దాని పైఆఫీసు కొడుతుంది. ఈ కార్డు మీద అది పెనుకొండ ముద్ర. రోజు బాగుంది, నెల బాగుంది, సంవత్సరం దగ్గర సిరా ముద్దకట్టింది. కార్డు మీద అచ్చైన బిళ్ల నయా పైసలది. అది యాభైల చివరా దొరికేది, అరవై దాటాకా దొరికేది. దానితో తేలదు. ఎవరో తండ్రి కూతురి పెళ్లికి చీర అడుగుతున్నాడు. వంకాయ రంగు అంచు కావాలట, పోయినసారి మాదిరి పలచగా ఉంటే వెనక్కి పంపుతాడట. కార్డు ఒక్కదాన్నే చూస్తే అది ఏ ఏటిదైనా కావచ్చు.

కానీ అది ఒక్కటే లేదు. తీగ మీద ఉంది. వీడియో ఆపకుండానే చూశాను, దాని కింద నాలుగు కార్డులు, పైన నాలుగు కార్డులు. అన్నిటి మీదా సంవత్సరం శుభ్రంగా చదవొచ్చు. అన్నీ యాభైల చివరివే. నెలలు కూడా ఒకదాని తర్వాత ఒకటి, ఈ కార్డు నెల సరిగ్గా వాటి మధ్యలోకి వచ్చింది.

ఆయన చెప్పింది నిజం.

ఆ క్షణంలో నాకు వాళ్ల నాయన గుర్తుకు రాలేదు. మేడ మీది నవ్వులే వినిపించాయి. ఇప్పుడు దీన్ని తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాలా? చూసినావా పాపా అని ఆయన అంటే, మళ్లీ అందరూ నవ్వితే? నేను ఆలోచించానని చెప్పను. చేతులే ముందు కదిలాయి. తీగ పైకొస వంపు తిప్పి, కార్డులన్నీ లాగేశాను. పేకముక్కల్లా కలిపాను. రెండోసారి కూడా కలిపాను. మొదటిసారి కోపం అనుకుందాం. రెండోసారి ఏమిటి?

అవ్వ టీ గ్లాసుతో వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. "అయ్యో, అన్నీ తీసేస్తివా?"

"ఫొటోల కోసం అవ్వా. మళ్లీ అట్లే గుచ్చేస్తాను."

గుచ్చాను, చేతికి ఏది వస్తే అది. ఆమెకి చదువు రాదు. తీగ మళ్లీ మేకుకి వేలాడేసరికి నమ్మి, చల్లారిపోతాంది తాగు పాపా అంది. తాగాను. ఎలా తాగానో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

సార్‌కి ఆ కార్డు ఫొటో ఒక్కటే పంపాను. సంవత్సరం తెలియడం లేదు, అరవై దాటాక రాసినదై ఉండొచ్చు అని రాశాను. తీగ మాట ఎత్తలేదు. పుస్తకంలో జాలిమాకులపల్లి కింద ఒక వాక్యం ఉంది: అంతకు ముందే అక్కడ ఆఫీసు ఉండేదన్న స్థానికుల మాటకు ఆధారం దొరకలేదు. ఆ వాక్యం నాది. సార్ అందులో ఒక్క అక్షరం మార్చలేదు.

కోపం అంటున్నానే, అది పది రోజుల్లో పోయింది. ప్రూఫులు వచ్చింది మూడు నెలలకి. అప్పుడు నాకు ఎవరి మీదా కోపం లేదు. ఆ వాక్యం కొట్టేయడానికి ఒక పెన్ను గీత చాలు. కానీ గీస్తే, ఎందుకు గీశావని అడుగుతారు. అడిగితే తీగ సంగతి చెప్పాలి. చెబితే అవ్వ ఇంట్లో ఏం చేశానో చెప్పాలి. కార్డులు కలిపింది కోపం. అబద్ధాన్ని అచ్చు వేయించింది భయం. ఇన్నేళ్లూ రెండిటికీ కోపం అనే ఒకే పేరు పెట్టుకుని తిరిగాను.

ఒక్క వాక్యమే కదా, ఎవరు చదువుతారు అనుకున్నాను. రెండేళ్లకి నారాయణప్ప గారు ఫోన్ చేశారు. వాళ్ల ఊళ్లో పోస్టాఫీసు గదికి సున్నం వేసి, మొదటి నుంచి పనిచేసిన పోస్టుమాస్టర్ల పేర్లు బోర్డు మీద రాయించారట. ఊరి కుర్రాళ్లు ఎక్కడో మా పుస్తకం సంపాదించారు. మొదటి పేరు పెద్దరైతుది.

"మా నాయన పేరు ల్యా పాపా. అడిగితే బుక్కులో అట్లే ఉండాది, మేమేం చేసేది అంటాండారు. మీ నాయన పోస్టుమాస్టరా, యా ఊరికప్పా అని ఎగతాళి గూడా."

ఆయనే చెప్పుకుపోయాడు. సీలు చేతికి వచ్చేనాటికి వాళ్ల నాయనకి ఇరవై ఎనిమిదేళ్లట. ఊళ్లో సగంమందితో పడేది కాదట. ఆ పెద్దరైతుతో అయితే మాటలే లేవట. అయినా వాళ్ల ఉత్తరం వస్తే ఎండలో నడిచి, గడపలో పెట్టి వచ్చేవాడట. ఒక్క కార్డూ ఒక్క పూట కూడా ఇంట్లో ఉంచుకోలేదట. చివర్లో ఆయన గొంతు మెత్తబడింది.

"నువ్వేం చేస్తావులే. దొరికింటే నువ్వే వేసుందువు. కోపం జాస్తి గాని, అబద్ధమాడే పిల్లవి కాదు."

"అవును సార్," అన్నాను.

అన్ని తప్పుల్లోకీ నన్ను తినేసింది ఆ అవును.

ఇప్పుడు రాస్తున్నాను. జాలిమాకులపల్లిలో పోస్టాఫీసు యాభైల చివర్లోనే ఉంది. దాన్ని ఎవరు నడిపారో కార్డు చెప్పదు, నారాయణప్ప గారు చెప్పారు. ఆయన మాట ఎవరూ నమ్మకుండా చేసింది నేను. పుస్తకంలో నేను రాసింది తప్పు, తెలిసి రాసిన తప్పు. పొద్దున వీడియో సార్‌కీ ఆయనకీ ఇద్దరికీ పంపాను, కింద ఈ నాలుగు మాటలే రాసి. ఆయన చూశాడు. ఏమీ అనలేదు. అనకపోవచ్చు. క్షమించమని అడగలేదు, అడిగే మొహం లేదు. అయినా మధ్యాహ్నం ఫోన్ వేరే గదిలో వదిలేసి, కడుపునిండా అన్నం తిన్నాను. అది తప్పో ఒప్పో తెలియదు. ఆకలి మాత్రం వేసింది.

చిన్నపిల్ల, ఉడుకుమోత్తనంతో చేసింది, పోనీలే అని మీలో కొందరు అంటారు. నాకు తెలుసు, ఆరేళ్లు నాకు నేను అదే చెప్పుకున్నాను. నాకిప్పుడు ఇరవై ఎనిమిది. ఆయన నాయన పడనివాళ్ల ఉత్తరాలు కూడా ఇంటింటికీ చేర్చిన వయసు ఇది. నేను ఒక్క కార్డును ఆరేళ్లు ఆపాను. ఇది చిన్న తప్పే అంటారా? అయితే ఆ బోర్డు ముందు నారాయణప్ప గారి పక్కన నిలబడి, ఆయన మొహం చూసి, ఆ మాట అనగలరా?