ఎర్ర పెన్నుతో బొమ్మలు

కామాక్షయ్య సారు రిటైరైన రోజున ముత్తుకూరు చుట్టుపక్కల ఒక తరం పిల్లలు హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. ఊపిరాడనిది ఆయన భార్య ధనలక్ష్మికే. బడి మొత్తానికీ పంచిపెట్టిన సారు శ్రద్ధంతా ఇప్పుడు ఆవిడ ఒక్కదాని మీదికే మళ్ళింది. కంచంలో చేపల పులుసు పడగానే ఒక ముద్ద తిని, కళ్ళు మూసుకుని, "పులుపు పర్వాలేదు. ఉప్పు విషయంలో ఇంకా శ్రద్ధ అవసరం" అని తీర్పు చెప్పేవాడు. ఆవిడ విననట్టే ఉండేది.

దిద్దడానికి ఇంట్లో ఇంకేమీ మిగలక సారుకు బీపీ పెరిగింది. నెల్లూరు డాక్టరు మందులు రాసి, మనసుకు కాస్త ఆటవిడుపు కావాలన్నాడు. కూతురు ప్రత్యూష తడ దగ్గర ఒక కంపెనీలో పనిచేస్తుంది. ఆ మాట విని ఒక పార్సిలు పంపింది. మందపాటి కాగితాల పుస్తకం, నీటిరంగులు, బ్రష్షులు, పూల బొమ్మల టేపులు. దీన్ని ఆర్ట్ జర్నల్ అంటారని ఫోనులో చెప్పింది.

"నీకేం తోస్తే అది వెయ్యి నాన్నా. గియ్యి, అంటించు, రాయి. దీనికి రూల్సు లేవు. తప్పు అనేదే ఉండదు. బాగా వచ్చిన పేజీ ఒకటి నాకు ఫొటో పెట్టు."

తప్పు అనేదే ఉండని పుస్తకాన్ని సారు జన్మలో చూడలేదు. అయినా పంపింది కూతురు. ఆ పిల్లకు తండ్రంటే భయం ఉంది, గౌరవం ఉంది, ముచ్చట మాత్రం ఏనాడూ లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. ఈ వయసులోనైనా ఒక్కసారి ఆమె నోట "బాగుంది నాన్నా" అనిపించుకోవాలని సారుకు పట్టుదల వచ్చింది.

ముందు పుస్తకానికి అట్ట వేశాడు. లేబులు అంటించి పేరు రాశాడు. తరగతి అన్నచోట కాసేపు ఆలోచించి "రిటైర్డు" అని నింపాడు. ప్రతి పేజీకీ స్కేలు పెట్టి మార్జిను కొట్టాడు. పూల టేపుల వల్ల క్రమశిక్షణ చెడుతుందని వాటిని బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఆపైన గొడుగు, స్టూలు తీసుకుని కృష్ణపట్నం వైపు వెళ్ళి, సముద్రానికి ఎదురుగా కూర్చుని, అలల్ని కూడా స్కేలుతోనే గీశాడు.

ఇంటికొచ్చి కళ్ళద్దాలు తుడుచుకుని, జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, తన బొమ్మను తానే దిద్దాడు. "అలలు వరసలో లేవు. పదికి రెండు." కింద సంతకం, తేదీ.

మరునాడు కొబ్బరిచెట్టు వేసి, వంగిందని మార్కులు కోశాడు. ఆ తరువాత కాకి. ముక్కు పొడవైందని దానికి ఒక్క మార్కే పడింది. అలా సగం పుస్తకం నిండింది గానీ సారు ఒక్క పేజీలోనూ పాసు కాలేదు. నిద్ర కరువైంది. డాక్టరు బీపీ చూసి, మందు పెంచి, ఇంట్లో ఏం చేస్తున్నారని అడిగాడు.

"ఆటవిడుపు" అన్నాడు సారు పళ్ళు బిగించి.

ప్రతి ఆదివారం ప్రత్యూష ఫోను చేసి ఫొటో ఏదని అడుగుతూనే ఉంది. సారు ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటూనే ఉన్నాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే ధనలక్ష్మి పండుగప్ప చేపను శుభ్రం చేసింది. పళ్ళెం నిండా పొలుసులు తళతళలాడుతున్నాయి. ఆవిడకు పారెయ్యబుద్ధి కాలేదు. కడిగి ఎండలో ఆరబెట్టింది. బల్ల మీద పుస్తకం తెరిచే ఉంది. నీలం రంగులో వేళ్ళు ముంచి ఖాళీ పేజీ అంతా పులిమి, బంక రాసి, పొలుసులు ఒక్కొక్కటే చేప ఆకారంలో అంటించింది. మార్జిను గీత ఉందన్న ధ్యాసే లేదు. చేప ఆ గీత దాటి, పేజీలోంచి బయటికి ఈదుకుంటూ పోతున్నట్టు కుదిరింది. చెయ్యి కడుక్కుని పులుసు పెట్టడానికి వెళ్ళిపోయింది.

సారు లేచి వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయనా మనిషే కాబట్టి గుండెలో ఏదో కదిలింది. కానీ చెయ్యి ఆగలేదు, అప్పటికే జేబులోకి పోయింది. "మార్జిను పాటించలేదు. ఎవరిని చూసి వేశావు? పదికి ఏడు." సంతకం, తేదీ.

అప్పుడే ఫోను మోగింది. "నాన్నా, ఈ వారమన్నా పంపిస్తావా లేదా?" అని ప్రత్యూష. సారు వంటింటి వైపు చూశాడు. పేజీ వైపు చూశాడు. కాపీ కొట్టిన పిల్లల చేత ఎర్రటి ఎండలో మోకాళ్ళు వేయించిన మహానుభావుడు, చకచకా ఫొటో తీసి కూతురికి పంపేశాడు.

కాసేపటికి వీడియో కాల్ వచ్చింది.

"శానా బాగుండాది నాన్నా. నువ్వే వేసినావా?"

"మరి ఎవురేస్తారు?"

"అయితే చెప్పు. ఎవురిని చూసి వేసినావు?"

"అదేం మాట? సొంతంగా వేసినా."

"అడిగింది నేను కాదు నాన్నా. పేజీ కింద ఎర్ర సిరాతో రాసుండాది. నీ సంతకం కూడా ఉండాది."

ఉద్యోగమంతా ఏ కాగితం పట్టుకున్నా దాని మీద ఎర్ర సిరా పెట్టినవాడు. ఆయన కంటికి అది కాగితంలో భాగమే. ఫొటో తీసేటప్పుడు అక్కడ ఉందనే తోచలేదు. సారు లేచి వంటింట్లోకి నడిచి, ఫోను భార్య చేతిలో పెట్టాడు.

"మీ అమ్మ వేసింది" అన్నాడు నేల చూస్తూ.

"అమ్మా, నీకు బొమ్మలొచ్చునా? ఒక్కసారన్నా చెప్పలేదే."

ధనలక్ష్మి పొయ్యి తగ్గించి, పమిటతో ముఖం తుడుచుకుంది.

"పెళ్ళికి ముందు నుంచీ వేసేదాన్ని. నువ్వు చిన్నప్పుడు నెమలిని వేసి తెస్తే, మీ నాన్న దాని మీద ఎర్ర పెన్నుతో రాసినాడు, గుర్తుండాదా? అన్నం తినకుండా ఏడస్తా పడుకున్నావు. ఆ పొద్దే నావన్నీ తీసి పొయ్యిలో పెట్టేసినా. ఆయన కంట్లో పడితే నాకూ మార్కులేస్తాడని."

"గుర్తుండాదమ్మా" అంది ప్రత్యూష, చాలా మెల్లగా.

కామాక్షయ్య సారు గుమ్మం దగ్గరే నిలబడి ఎంతసేపు ఆలోచించినా, ఆ నెమలి ఆయనకు గుర్తు రాలేదు.