యాభై దాటాక చేతికొచ్చిన బ్యూగుల్

2016లో జిల్లాలు విడిపోయినప్పుడు నన్ను భూపాలపల్లి ఆర్మ్‌డ్ రిజర్వ్‌కు పంపారు. అప్పటికి హెడ్ కానిస్టేబుల్‌ని, వయసు యాభై దాటింది. కొత్త జిల్లాకు రైఫిళ్ళు వచ్చాయి, బండ్లు వచ్చాయి, బ్యూగుల్ కూడా వచ్చింది, దాన్ని ఊదే బ్యూగులర్ మాత్రం రాలేదు. పక్కనున్న మహబూబాబాద్‌ను అడిగితే వాళ్ళూ మాలాగే వెతుక్కుంటున్నారు. పోలీసు లైన్లలో బ్యూగుల్ అంటే ఊరికే వాద్యం కాదు. ఊదే ప్రతి పిలుపునూ కాల్ అంటాం. రోల్‌కాల్‌కు ఒకటి, జెండా దించడానికి ఒకటి, అందరూ ఆయుధాలు అందుకుని పరుగెత్తి రావడానికి ఒకటి. విధి నిర్వహణలో చనిపోయినవారికి వందనం చేసేటప్పుడు ఊదేది లాస్ట్ పోస్ట్.

తొలి ఏడు అమరుల పరేడ్‌లో లాస్ట్ పోస్ట్‌ను స్పీకర్లో పెట్టారు. కరెంటు పోయి సగంలో ఆగింది. నా బ్యాచ్‌మేట్ సారయ్య అంతకు కొన్నేళ్ళ ముందు బందోబస్తుకు పోతూ వాగులో కొట్టుకుపోయాడు. అతని భార్య కొమురమ్మ టేకుమట్ల నుంచి ఏటా పరేడ్‌కు వస్తుంది. "ఏందన్నా, మా ఆయినకు గా డబ్బాల పాటేనా? గదన్న సాంతం వినిపియ్యకపోతిరి" అంది. నాకు తల కొట్టేసినట్టయింది.

అదే రోజు మా రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ గారిని కలిసి, వచ్చే ఏడు నేనే ఊదుతానని చెప్పాను. ఆయన నా నెరిసిన మీసం వంక చూసి, రిహార్సల్లో వినిపించమన్నారు. బాగుంటే నేను, లేకుంటే మళ్ళీ స్పీకరే.

బ్యూగుల్‌కు మీటలుండవు. ఉన్న నాలుగైదు స్వరాలూ పెదవుల బిగువుతోనే పుట్టాలి. మొదట్లో గాలి తప్ప ఏమీ రాలేదు, తరువాత దూడ అరుపు వచ్చింది. పెదవి వాచి, కూరలో కారం తగిలితే కళ్ళనీళ్ళు కారేవి. మా ఇంటావిడ విసిగి దాన్ని బియ్యం డబ్బాలో దాచింది కూడా. నేను వదిలే రకం కాదు.

అసలు దెబ్బ ఒక ఆదివారం తగిలింది. బ్యారక్ వెనుక సాధన చేస్తుంటే ఒక కాల్ తప్పు లేకుండా పలికింది. ఆ సంబరంలో ఇంకాస్త గట్టిగా మళ్ళీ ఊదాను. అది అలారం కాల్. అన్నం ముందు కూర్చున్నవాళ్ళు, తలకు సబ్బు పెట్టుకున్నవాళ్ళు అందరూ పరుగెత్తి ఆయుధాల గది ముందు బారులు తీరారు. ఇన్‌స్పెక్టర్ గారు కూడా బెల్టు బిగించుకుంటూ వచ్చారు. లైన్లలో ఊదిన ప్రతి పిలుపూ ఆజ్ఞే, అది సాధన అని ఎవరికి తెలుస్తుంది? ఆయన కోప్పడలేదు. "మంచిగనే ఊదినవ్. ఇగ లైన్లల్ల ఊదకు" అన్నారు. నా సాధన బొగ్గు గని మట్టి దిబ్బల అవతలికి మారింది.

అయినా లాస్ట్ పోస్ట్‌లోని పై స్వరం అందలేదు. జనగామ దగ్గర తరిగొప్పులలో రిటైరైన బ్యూగులర్ మల్లయ్య ఉన్నాడంటే వెతుక్కుంటూ పోయాను. ఆయన నా మూతి చూడలేదు, పొట్ట చూశాడు. "తమ్మీ, గిట్ల సావధాన్ల నిలవడి పొట్ట లోపటికి గుంజితె ఊపిరి యాడికెల్లి వస్తది? మీద సావధానుండు, లోపట విశ్రాం ఉండు" అన్నాడు. ఇన్నేళ్ళ కవాతే నాకు అడ్డమొస్తోందన్నమాట. యూనిఫాం తొడిగితే చాలు, పొట్ట దానంతటదే లోపలికి పోయేది. దాన్ని వదులు చేయడానికి పెదవి దారికి రావడం కంటే ఎక్కువ కాలం పట్టింది.

రిహార్సల్లో పై స్వరం చీలింది. స్పీకర్ తెమ్మని ఇన్‌స్పెక్టర్ గారు మనిషిని పురమాయించారు. నేను ఇంకొక్కసారి అవకాశం అడిగి, అందరి ముందే బెల్టు ఒక రంధ్రం వదులు చేసుకుని ఊదాను. స్వరం నిలబడింది. పరేడ్‌లో బెల్టు వదులుండటం తప్పే. ఆయన బెల్టును చూశారు, అయినా స్పీకర్ వద్దన్నారు.

పరేడ్ నాడు "శోక్ శస్త్ర్" అన్న ఆజ్ఞకు గార్డు దళం రైఫిళ్ళు తలకిందులు చేసి తలలు వంచింది. నేను వాళ్ళ వెనుక నిలబడి మొదటి నుంచి చివరిదాకా ఊదాను.

జనం కదిలాక కొమురమ్మ ఇన్‌స్పెక్టర్ గారి దగ్గరికి వచ్చి, "సారూ, ఊదినాయినను యాడికెల్లి పిలిపిచ్చిండ్రు? వచ్చే యేడు గూడ ఆయిననే పిలువుండ్రి" అంది. బ్యూగుల్ వెనక్కి పెట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. నా సంతోషం ఇంతా అంతా కాదు. అయినా ఊదింది నేనేనని చెప్పుకోలేదు.

రిటైరయ్యేదాకా ఆ కాల్ నేనే ఊదాను. బ్యూగులర్ చోటు గార్డు వెనుక. అతనెవరో ఎవరికీ తెలియనక్కర లేదని నేను ఆ రోజు నేర్చుకున్నాను.